తాతయ్య అడిగిన ప్రశ్న: ‘ఇయ్యన్నీ ఇప్పుడున్నాయా?’ (వెబ్ టెలిస్కోపు ఫోటోల గురించి)

లంకపిల్లోడు | 2025 డిసెంబరు 9, రాత్రి 9:12

అందరికీ నమస్కారమండి. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు.

2022 జూలైలో గోదారి వచ్చినప్పుడు మా లంకలో ఇళ్ళలోకి నడుంలోతు నీళ్ళు. డాబా ఉంది గనక మా పెదనాన్నగారింటి మీదికి ఎక్కేశాం. పదిహేనుమందిమి, రెండు మేకలు, బియ్యం బస్తాలు, ఒక గ్యాసుపొయ్యి. కరెంటు లేదు. నా ఫోన్లో ఛార్జింగు ఇరవై శాతం. భద్రాచలంలో 71.3 అడుగులు అని గ్రూపులో వచ్చిన మెసేజీ కిందే ఎవరో ఒక ఫోటో పంపారు. జేమ్స్ వెబ్ టెలిస్కోపు మొదటి ఫోటో. అది విడుదలైంది జూలై 12 తెల్లవారుజామున, మన టైములో. నాకు చేరేసరికి నాలుగు రోజులు ఆలస్యం.

తాతయ్యకి చూపించా. ఎనభై దాటాయి ఆయనకి. పంటు మీద పనిచేశారు, తర్వాత కొబ్బరితోట. “ఏంట్రా ఇది, తీర్థంలో సీరియల్ బల్బుల్లాగ” అన్నారు. అవి బల్బులు కాదు తాతయ్యా, గెలాక్సీలు, ఒక్కోదాన్లో వేలకోట్ల సూర్యుళ్ళు, మధ్యలో ఉన్న గుంపు వెలుగు బయల్దేరి 460 కోట్ల ఏళ్ళయింది అని నాకు తెలిసిందంతా వరసగా చెప్పేశా. ఆయన కాసేపు నీళ్ళకేసి చూసి, “అయితే ఇయ్యన్నీ ఇప్పుడున్నాయా?” అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. మొన్న కార్తీకమాసంలో పెరట్లో కూర్చుని మళ్ళీ అదే అడిగారు. మర్చిపోలేదు. తెలిసినవాళ్ళు ఆయనకి అర్థమయ్యేలా చెప్పండి. నాక్కూడా.

పూతరేకు | డిసెంబరు 9, రాత్రి 9:40

తమ్ముడూ, జవాబు మన వశిష్ఠ_రేవు మాస్టారు చెప్తారు, ఆయన వచ్చేలోపు నేనొక ముక్క వేసుకుంటా. ఆ టెలిస్కోపుకి ఎండ తగలకుండా అయిదు పొరల గొడుగు ఉంది, విన్నావా? టెన్నిస్ కోర్టంత ఉంటుంది. సూర్యుడి వైపున్న పొర మందం 0.05 మిల్లీమీటర్లు, మిగతా నాలుగూ 0.025. ఎండ వైపు 85 డిగ్రీలు, నీడ వైపు మైనస్ 233. అది చదివిన రోజున కుండ మీద రేకు తీస్తూ నవ్వుకున్నా. మాకు రేకు చిరిగితే నోట్లో వేసుకుంటాం. వాళ్ళు దాన్ని మడతపెట్టి రాకెట్లో కుక్కి, 15 లక్షల కిలోమీటర్లు పంపి, మనిషి చెయ్యి తగలకుండా విప్పారు. 2021 క్రిస్మస్ రోజున ఎగిరింది. నాకా గెలాక్సీల కంటే ఈ మడతే ఆశ్చర్యం.

గోదారోడు_డల్లాస్ | డిసెంబరు 10, తెల్లవారుజాము 4:05

సింపుల్ బ్రో. లేవు. అన్నీ ఎప్పుడో చచ్చిపోయిన నక్షత్రాలు. మనం చూసేది దెయ్యాల్ని.

వశిష్ఠ_రేవు | డిసెంబరు 10, ఉదయం 6:30

డల్లాస్ బాబూ, అంత తొందర వద్దు. 

లంక అబ్బాయికి: మీ తాతగారు నీళ్ళకేసి చూసి అడిగారన్నావు చూశావా, జవాబు ఆ నీళ్ళలోనే ఉంది. భద్రాచలంలో ఇవాళ పోటెత్తిన నీరు ధవళేశ్వరానికి రావడానికి దాదాపు ఒకరోజు పడుతుంది. మీ డాబా కింద ఆ రోజు పారిన నీరు నిన్నటి భద్రాచలం, అంతకుముందటి ఏటూరునాగారం. మీరు మేకల్ని పైకెక్కిస్తున్న వేళకి భద్రాచలంలో మట్టం తగ్గడం మొదలై ఉండొచ్చు. మీ కళ్ళకి కనిపించేది మాత్రం ముంచుకొస్తున్న నీరే. దూరం నుంచి వచ్చే కబురు ఏదైనా పాతదే. వెలుగూ అంతే.

ఒక తేడా ఉంది. భద్రాచలానికి ఫోన్ చేసి ‘ఇప్పుడెంతుందండీ’ అని అడగొచ్చు. ఫోను నీటికన్నా వేగం. వెలుగు కన్నా వేగంగా పోయే ఫోను లేదు. అందుకని ఆ గెలాక్సీలు ‘ఇప్పుడు’ ఎలా ఉన్నాయో ఎవరూ చూసి చెప్పలేరు, లెక్కకట్టి చెప్పాల్సిందే.

లెక్క ప్రకారం ఉన్నాయి. బాగా పెద్ద నీలి నక్షత్రాలు కొన్ని లక్షల ఏళ్ళకో, కొన్ని కోట్ల ఏళ్ళకో పేలిపోతాయి. మన సూర్యుడిలాంటిది దాదాపు వెయ్యి కోట్ల ఏళ్ళు బతుకుతుంది. సూర్యుడి కన్నా చిన్న ఎర్ర నక్షత్రాలైతే ఈ విశ్వం వయసుకన్నా, అంటే 1,380 కోట్ల ఏళ్ళకన్నా ఎక్కువ కాలం వెలుగుతాయి. ఊళ్ళో మనుషులు పోతారు, పుడతారు, ఊరు ఉంటుంది. గెలాక్సీ ఊరు. కొన్ని ఊళ్ళు పక్క ఊళ్ళతో కలిసిపోయి ఉంటాయి, అంతే.

ఇంకొక్కటి చెప్పండి ఆయనకి. ఆ మధ్య గుంపు వెలుగు బయల్దేరిన 460 కోట్ల ఏళ్ళ కిందట, మన సూర్యుడు అప్పుడప్పుడే పుడుతున్నాడు. అది దారిలో ఉండగా భూమి తయారైంది, వానలు పడ్డాయి, నదులు పుట్టాయి, అన్నీ అయ్యాక మీ డాబా మీదికి, ఇరవై శాతం ఛార్జింగున్న ఫోన్లోకి వచ్చింది.

పూతరేకు | డిసెంబరు 10, ఉదయం 6:52

మాస్టారూ 🙏 పొద్దున్నే ఒళ్ళు జలదరించింది.

రొయ్యలచెరువు | డిసెంబరు 10, ఉదయం 8:20

బాగానే ఉందండి. ఒక మాట అడుగుతాను, కోప్పడకండి. వెయ్యి కోట్ల డాలర్లు పోసి ఎక్కడో చుక్కల్ని చూడ్డం దేనికంట? ఇక్కడ మాకు రొయ్యల కౌంటు రేటు ఎప్పుడు పడిపోతుందో ముందుగా చెప్పే యంత్రం ఒకటి కనిపెట్టమనండి.

కాకినాడ_కెమెరా | డిసెంబరు 10, మధ్యాహ్నం 1:15

రొయ్యల బాబాయ్, ఆ యంత్రం వస్తే మొదటి బుకింగు నాది 😄

నాది ఫోటోల పిచ్చి కాబట్టి ఆ వైపునుంచి రాస్తా. ఈ ఫోటోలు చూసి అందరూ అడిగేది, ఈ రంగులు నిజమా, కంప్యూటర్లో వేశారా అని. రెండూ. వెబ్ చూసేది ఎక్కువగా పరారుణ కాంతి, మన కంటికి కనిపించనిది. వేరువేరు ఫిల్టర్లతో నలుపు తెలుపులో తీసి, తక్కువ తరంగదైర్ఘ్యానికి నీలం, ఎక్కువదానికి ఎరుపు ఇస్తారు. పాటని రెండు శ్రుతులు పెంచి పాడినట్టు. స్వరాల మధ్య తేడాలు అవే, వినపడే చోటుకి తెచ్చారు. 

ఇంకో చిట్కా. ఆ మొదటి ఫోటోలో ఎనిమిది ముళ్ళతో మెరిసేవన్నీ నక్షత్రాలు, మన పాలపుంతలోవే, మన ముంగిట్లోవి. ముళ్ళు లేని మసక మచ్చలన్నీ గెలాక్సీలు. ఆ ముళ్ళు నక్షత్రానివి కావు, టెలిస్కోపువి. 18 షడ్భుజి అద్దాల అంచుల నుంచి ఆరు, ముందున్న చిన్న అద్దాన్ని పట్టుకునే కడ్డీల నుంచి మిగతావి. హబుల్ ఫోటోల్లో నాలుగే ముళ్ళుంటాయి. ముళ్ళు లెక్కపెట్టి ఏ టెలిస్కోపు తీసిందో చెప్పేయొచ్చు.

అందులో విల్లులా వంగిన గీతలు కూడా ఉంటాయి, చూడండి. గోలీసోడా సీసా అడుగులోంచి అవతల దీపాన్ని చూస్తే సాగి, వంగి, ఒక్కోసారి రెండుగా కనిపిస్తుంది కదా. మధ్యలో ఉన్న గెలాక్సీల గుంపు బరువుకి దాని వెనకున్న గెలాక్సీల వెలుగు అలా వంగింది. దేవుడిచ్చిన భూతద్దం. దానివల్లే అంత వెనకవి కూడా కనిపించాయి. ఆ మొత్తం ఫోటో చెయ్యి చాపి పట్టుకున్న ఇసుకరేణువంత ఆకాశం. పన్నెండున్నర గంటలు చూసి తీశారు.

ఒక్క నవ్వులాట: ఇంత చేసిన వెబ్‌లో ఉన్న స్టోరేజి 68 జీబీ. నా ఫోన్లో దానికి రెట్టింపుంది, అందులో సగం గుడ్‌మార్నింగ్ మెసేజీలు.

గోదారోడు_డల్లాస్ | డిసెంబరు 10, రాత్రి 7:48

ఓకే ఓకే, దెయ్యాలు కాదు. మాస్టారూ, నా డౌటు. రికార్డు గెలాక్సీ మామ్-జెడ్14 అంటున్నారు, 2025 మేలో వచ్చింది. దాని వెలుగు 1,350 కోట్ల ఏళ్ళు ప్రయాణించింది. అంటే దూరం 1,350 కోట్ల కాంతి సంవత్సరాలే కదా? మరి కొన్ని చోట్ల 3,300 కోట్లకి పైనే అని రాస్తారేంటి? విశ్వం వయసే 1,380 కోట్లు అయితే?

వశిష్ఠ_రేవు | డిసెంబరు 11, ఉదయం 6:10

మంచి డౌటు. అంతర్వేది తీర్థంలో జీళ్ళు చేసేవాడిని గుర్తు తెచ్చుకో. పాకాన్ని మేకుకి తగిలించి లాగుతాడు. ఆ పాకం మీద రెండు నువ్వుగింజలు అంటించు. ఒక గింజ దగ్గర్నుంచి చీమ బయల్దేరింది. అది నడుస్తుంటే వాడు లాగుతూనే ఉన్నాడు. చీమ రెండో గింజ చేరేసరికి, అది నడిచిన టైము ఒకటి, ఇప్పుడు గింజల మధ్య ఉన్న దూరం ఒకటి. దాటి వచ్చిన పాకం కూడా వెనక సాగుతూనే ఉంది మరి. 1,350 కోట్ల ఏళ్ళు చీమ నడిచిన టైము. 3,300 కోట్లకి పైన అన్నది ఇప్పటి దూరం. చీమ వేగం ఎక్కడా పెరగలేదు.

అదే పాకం మీద గోటితో అలలాగ గీతలు గీశావనుకో, అవీ సాగుతాయి. దాన్నే రెడ్‌షిఫ్ట్ అంటున్నారు. మామ్-జెడ్14కి అది 14.44. అంటే వెలుగు అల బయల్దేరినప్పటికన్నా 15.44 రెట్లు సాగి చేరింది. అక్కడి హైడ్రోజన్ వేసే అతినీలలోహిత సంతకం 0.12 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు) దగ్గర ఉండాల్సింది, 1.88 మైక్రాన్ల దగ్గర కనిపిస్తుంది. అది పరారుణం. హబుల్ ఎంత మంచిదైనా అంత ఎరుపు దానికి కనిపించదు. వెబ్‌ని పరారుణానికి కట్టింది ఇందుకే, అంత చల్లగా ఉంచింది కూడా ఇందుకే. వెచ్చగా ఉంటే టెలిస్కోపే పరారుణంలో వెలుగుతుంది. పొయ్యి పక్కన కూర్చుని అగ్గిపుల్ల వెలుగు వెతికినట్టవుతుంది.

ఆ గెలాక్సీ మనకి కనిపిస్తున్నది విశ్వానికి 28 కోట్ల ఏళ్ళ వయసున్నప్పటి రూపం. పేరులో ‘మామ్’ అంటే అమ్మ కాదు. ‘భ్రమా, అద్భుతమా’ అని ఆ సర్వేకి పెట్టుకున్న ఇంగ్లీషు పేరుకి పొడి అక్షరాలు. పేరు పెట్టినవాళ్ళ వినయం నాకు నచ్చింది.

పంచాంగం | డిసెంబరు 11, ఉదయం 9:00

ద్రాక్షారామం దగ్గర్నుంచి నమస్కారం. మాస్టారి పేరులో వశిష్ఠ చూసి రాయాలనిపించింది. ధవళేశ్వరం దిగాక గోదావరి ఏడు పాయలని పెద్దలు లెక్కపెట్టారు: తుల్య, ఆత్రేయ, భారద్వాజ, గౌతమి, వృద్ధ గౌతమి, కౌశిక, వశిష్ఠ. సప్తర్షుల పేర్లన్నమాట. అయితే ఆకాశంలో సప్తర్షి మండలంలోని పేర్లు వేరు: క్రతు, పులహ, పులస్త్య, అత్రి, అంగిరస, వశిష్ఠ, మరీచి. మన్వంతరానికి ఒక జాబితా కాబట్టి తప్పేం లేదు. రెండింట్లోనూ ఉన్నవాళ్ళు ఇద్దరే, అత్రి, వశిష్ఠుడు. 

వశిష్ఠుడి పక్కన చిన్నగా కనిపించేది అరుంధతి. పెళ్ళిళ్ళలో నేను చూపించేది దాన్నే. ఆ వెలుగు మనల్ని చేరడానికి దాదాపు 80 ఏళ్ళు. పెళ్ళికొడుకు తాతగారి పెళ్ళినాటి వెలుగు.

పూతరేకు | డిసెంబరు 11, ఉదయం 9:21

పంతులుగారూ, మా పెళ్ళి పగలు పదిన్నరకి అయింది. మీలాంటి పెద్దాయన ఒకరు పందిట్లోంచి బయటికి తీసుకొచ్చి “అదిగో అరుంధతి, కనిపించిందా” అన్నారు. సూర్యుడు తప్ప ఏమీ లేదు. ఇద్దరం “కనిపించిందండి” అనేశాం. మా సంసారంలో మేమిద్దరం కలిసి ఆడిన మొదటి అబద్ధం అది.

కాకినాడ_కెమెరా | డిసెంబరు 11, రాత్రి 8:30

పంతులుగారూ, మీరు అత్రి అనగానే లేచి కూర్చున్నా. హబుల్ డీప్ ఫీల్డ్ అని 1995లో తీసిన ఫోటో ఉంది, ఈ ఫోటోలన్నింటికీ తాత. అది సప్తర్షి మండలంలోనే, సరిగ్గా అత్రి నక్షత్రానికి కాస్త ఉత్తరంగా ఉన్న చోటు. మన ఆత్రేయ పాయ ఋషే!

ఆ చోటుని ఎంచుకున్నది అక్కడ ఏమీ లేదని. హబుల్ 1990లో ఎగిరినప్పుడు దాని 2.4 మీటర్ల అద్దం అంచు రెండు మైక్రాన్ల చిల్లర ఎక్కువ చదునుగా అరిగి, బొమ్మలన్నీ మసకగా వచ్చాయి. ప్రపంచమంతా నవ్వింది. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్ళి కళ్ళజోడు పెట్టొచ్చారు. కళ్ళజోడు పెట్టిన రెండేళ్ళకే హబుల్‌ని నడిపే సంస్థ డైరెక్టరు రాబర్ట్ విలియమ్స్, తన చేతిలో ఉన్న టైములో చాలా భాగం ఒక ఖాళీ చోటుని చూడ్డానికి ఇచ్చేశాడు. కొందరు పెద్దలు వద్దన్నారు. ఏమీ కనపడకపోతే మళ్ళీ నవ్వులపాలు. పది రోజులు, 342 ఎక్స్‌పోజర్లు. చంద్రబింబం వెడల్పులో పన్నెండో వంతు ఉన్న ఆ చీకట్లో దాదాపు మూడువేల గెలాక్సీలు తేలాయి.

పాశర్లపూడి_పక్కూరు | డిసెంబరు 11, రాత్రి 10:15

1995 అన్నారు గనక. ఆ ఏడాది మొదలయింది మాకు బ్లోఅవుట్‌తో. జనవరి 8న గ్యాసుబావి అంటుకుని 65 రోజులు మండింది. మంట తాడిచెట్ల మీద ఎక్కడికో లేచేది. రాత్రి అన్నది లేదండి. పది గంటలకి పెరట్లో నిలబడి పేపరు చదివేవాళ్ళం. కోళ్ళకి పొద్దు తెలియక ఎప్పుడంటే అప్పుడు కూసేవి. నేను అప్పుడు ఏడో తరగతి. ఆ రెండు నెలలూ ఒక్క చుక్క చూసిన గుర్తు లేదు. అదే ఏడాది చివర్లో పైనెక్కడో ఒక యంత్రం పదిరోజులు చీకటికేసి కన్నార్పకుండా చూసిందని ఇవాళే తెలిసింది. 

ఐపోలవరం_ఆడపడుచు | డిసెంబరు 12, ఉదయం 11:05

నాది దానికి మరుసటేడు సంగతి. రాయాలా వద్దా అని రెండురోజులు చూశా.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను. అందరికీ తెలిసిందే, వివరాలు వద్దు. మా వాళ్ళలో పోయినవాళ్ళున్నారు. నాలుగు రోజులకి దీపావళి అమావాస్య. ఆ ఏడు ఎవరింట్లోనూ దీపం లేదు. కరెంటు స్తంభాలు, కొబ్బరిచెట్లు అన్నీ నేలమీదే. మబ్బు మాత్రం పూర్తిగా విడిపోయింది. చెట్లు లేకపోవడంతో మా ఇంటి నుంచి ఆకాశం అంచు దాకా కనిపించింది, అంతకుముందు ఎప్పుడూ అలా కనపడలేదు. చాప మీద పడుకుంటే పైన పాలవెల్లి, వినాయకచవితికి కట్టే పాలవెల్లి కాదు, అసలుది, ఒక చివర నుంచి ఇంకో చివరికి. మా నాయనమ్మ ఉత్తరం వైపు చిన్న మబ్బుతునకని చూపించి “అది కదలట్లేదు, చూడు” అంది. మూడు రాత్రులు అక్కడే ఉంది. కాలేజీలో చేరాక తెలిసింది, అది ఆండ్రోమెడా గెలాక్సీ అని. తెలుగులో దేవయాని అంటారట. 25 లక్షల కాంతి సంవత్సరాలు. మనిషి కంటికి పరికరం లేకుండా అంత దూరంలో తేలిగ్గా కనపడేది ఇంకోటి లేదు.

అందంగా ఉందని అప్పుడు అనిపించలేదు. ఇన్ని జరిగినా పైన ఏమీ జరగనట్టు ఉందేంటని కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పుడు లేదు, ఎప్పుడు పోయిందో తెలియదు.

వశిష్ఠ_రేవు | డిసెంబరు 12, ఉదయం 11:40

చదివానమ్మా.

లంకపిల్లోడు | డిసెంబరు 12, రాత్రి 9:30

అక్కా, మీరు రాసింది తాతయ్యకి చదివి వినిపించా. ఆయన ఏమీ అనలేదు, ఇంకోసారి చదవమన్నారు. 

భద్రాచలం లెక్క ఆయనకి బాగా పట్టింది. “మాస్టారు గోదారి ఎరిగిన మనిషి” అన్నారు. ఇప్పుడు ఆ కదలని మబ్బుతునక చూపించమంటున్నారు. మా లంక నుంచి కనపడుతుందా? ఉత్తరం వైపంతా చెరువుల ఫోకస్ లైట్లు.

కాకినాడ_కెమెరా | డిసెంబరు 12, రాత్రి 10:02

19న అమావాస్య. రాత్రి ఏడున్నరకి నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటుంది, అంత ఎత్తులో లైట్ల బాధ తక్కువ. ఉత్తరాభాద్ర దగ్గరున్న పెద్ద చతురస్రం పట్టుకుని, దాని ఈశాన్యపు మూల నుంచి రెండు చుక్కలు ముందుకి, అక్కణ్ణుంచి కుడికి కాదు, శర్మిష్ఠ మండలం వైపు రెండు చిన్నచుక్కలు. ధనుర్మాసం మంచు అర్ధరాత్రి దాటాకే దిగుతుంది. నా దగ్గర ఎనిమిదంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు ఉంది. పడవ దొరికితే తెస్తా.

ముందే చెప్తున్నా, ఫోన్లో చూసినట్టు ఉండదు. ఈ ఏడాది జనవరిలో హబుల్ వాళ్ళు పెట్టిన ఆండ్రోమెడా ఫోటో 600కి పైగా ముక్కలు అతికి, పదేళ్ళకి పైగా తీసింది, అందులో 20 కోట్ల నక్షత్రాలు విడివిడిగా కనిపిస్తాయి. మనకి కనపడేది మసక. అంతే.

రొయ్యలచెరువు | డిసెంబరు 13, ఉదయం 7:10

లంక అబ్బాయ్, మీ ఉత్తరం గట్టున ఉన్న లైట్లలో ఆరు నావే అనుకుంటా. అందరూ నన్నే తిడుతున్నట్టుంది. లైట్లు సరదాకి కాదండి, దొంగలూ పాములూ. నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్లు ఆపితే ఆక్సిజన్ (డీఓ) పడిపోయి తెల్లారేసరికి సరుకంతా తేలిపోద్ది. ఏరియేటర్లు ఆపను. ఫోకస్ లైట్లు ఒక గంట కట్టేస్తా. కాపలావోడికి టార్చి ఇస్తా. 

పూతరేకు | డిసెంబరు 13, ఉదయం 7:25

బాబాయ్ బంగారం. ఆ లైట్లకి పైన డొప్పలు వేయిస్తే వెలుగంతా చెరువు మీదే పడుతుంది, కరెంటూ కలిసొస్తుంది. ఊరికే చెప్పా.

గోదారోడు_డల్లాస్ | డిసెంబరు 14, ఉదయం 8:40

నేను రాలేను, కుళ్ళుగా ఉంది. దానికి బదులు ఒక వార్త. పుణెలోని టీఐఎఫ్ఆర్ రేడియో ఖగోళ కేంద్రం వాళ్ళు, రాశి జైన్, యోగేశ్ వదాడేకర్, వెబ్ ఫోటోల్లో ఒక సర్పిల గెలాక్సీ పట్టారు. విశ్వానికి 150 కోట్ల ఏళ్ళప్పటిది. అంత తొందరగా అంత చక్కటి చేతులు తిరిగి ఉండకూడదని అనుకునేవారట ఇన్నాళ్ళూ. పేరు ‘అలకనంద’.

గోదావరి అని పెట్టొచ్చుగా???

పంచాంగం | డిసెంబరు 14, ఉదయం 9:15

హిందీలో పాలపుంతని మందాకిని అంటారు. అలకనంద, మందాకిని అక్కచెల్లెళ్ళు, హిమాలయాల్లో కలుస్తాయి. మన పాలపుంతని పోలిన గెలాక్సీ కాబట్టి ఆ పేరు. సబబే. అంతకుముందు 2017లో మనవాళ్ళే 400 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఒక గెలాక్సీల మహాసమూహాన్ని కనిపెట్టి ‘సరస్వతి’ అన్నారు. అది మీనరాశి వైపు. నదుల వరస సాగుతోంది, మన వంతు రాకపోదు.

కాకినాడ_కెమెరా | డిసెంబరు 14, ఉదయం 10:30

మన అంతరిక్ష టెలిస్కోపు ఆస్ట్రోశాట్‌ని మర్చిపోకండి. 2015లో శ్రీహరికోట నుంచి ఎగిరింది. 930 కోట్ల ఏళ్ళ నాటి గెలాక్సీ నుంచి తీవ్రమైన అతినీలలోహిత కాంతిని పట్టింది, 2020లో ప్రకటించారు. హబుల్ కన్నా చాలా చిన్న అద్దంతో.

రొయ్యలచెరువు | డిసెంబరు 14, రాత్రి 8:00

గోదారి పేరు పెడితే ఏడు చేతులున్న గెలాక్సీకే పెట్టాలి. ఆయ్.

లంకపిల్లోడు | డిసెంబరు 20, ఉదయం 10:45

నిన్న రాత్రి సంగతి.

కెమెరా అన్న, మాస్టారు, పూతరేకు అక్కా వాళ్ళాయనా సాయంత్రం నాటుపడవలో వచ్చారు. టెలిస్కోపు గొట్టాన్ని దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు, పసిబిడ్డలా. లంక కొనాకు ఇసుకతిప్ప మీద పెట్టాం. తాతయ్యకి మడతకుర్చీ, చెవులకి మఫ్లరు. ముందు శనిగ్రహం చూపించారు. ఈ ఏడాది వలయాలు పక్కకి తిరిగి సూదిలా ఉన్నాయి. “ఊసకి గుచ్చిన గారె” అన్నారు తాతయ్య. 

ఏడూ నలభైకి ఉత్తరం గట్టు మీద లైట్లు ఒక్కోటీ ఆరిపోయాయి. ఆరోది ఆరాక నీళ్ళ మీద కూడా చుక్కలు కనిపించాయి. బాబాయ్‌కి దండాలు.

టెలిస్కోపులో ఆండ్రోమెడా చూసి తాతయ్య, “ఇదా? ఫోన్లోనే బాగుంది” అన్నారు. అందరం నవ్వాం, కెమెరా అన్నతో సహా. కానీ తర్వాత కుర్చీ వెనక్కి వాల్చుకుని ఉత్తి కళ్ళతో వెతికారు. నేను చెయ్యి పట్టి చూపించబోతే వద్దన్నారు. పిల్లలకోడి చుక్కల నుంచి తనే వెనక్కి లెక్కేసుకుంటూ వెళ్ళి, “కదలనిది అదే” అన్నారు. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్ళు అవి. అద్దం మీద మంచు పట్టి మేం టవల్‌తో తంటాలు పడుతుంటే ఆయన అలాగే చూస్తూ ఉన్నారు, అరగంట పైనే. 

పడవెక్కేముందు మాస్టార్ని అడిగారు. “అక్కడోడెవడన్నా ఇటు చూస్తే వాడికి మన గోదారి ఆపడుద్దా?”

మాస్టారూ, మీరు చెప్పింది పడవ ఇంజను చప్పుడులో సగం వినపడలేదు. ఇక్కడ రాయండి.

వశిష్ఠ_రేవు | డిసెంబరు 20, మధ్యాహ్నం 12:20

ఆండ్రోమెడా నుంచి ఇటు చూసేవాడికి 25 లక్షల ఏళ్ళ కిందటి భూమి కనపడుతుంది. మనలాంటి మనుషులు ఇంకా లేరు. కోనసీమా లేదు. మన డెల్టా మట్టి సముద్రమట్టం నిలకడ పడ్డాక, గత ఏడెనిమిది వేల ఏళ్ళలో ఏరు తెచ్చి పోసిందే. కాబట్టి ఈ నేల కనపడాలంటే వాడు ఆండ్రోమెడాలో కాదు, మన పాలపుంతలోనే, ఏడెనిమిది వేల కాంతి సంవత్సరాల లోపు ఉండాలి. 

నీ లంక సంగతి అడిగితే, అది తన తండ్రి హయాంలో తేలిందని మీ తాతగారే చెప్పారు. అంటే ఏ వందేళ్ళో. ఆ లెక్కన అరుంధతి దగ్గరున్నవాడికి మీ లంక కనపడుతుంది. ఆయన కుర్రాడిగా పంటు మీద తాడు లాగడం ఇంకొన్నేళ్ళకి కనపడుతుంది.

లంకపిల్లోడు | డిసెంబరు 20, మధ్యాహ్నం 1:05

చదివి వినిపించానండి. “చొక్కా లేకుండా ఉండేవోణ్ణి, వాడికి చెప్పండి ముందే” అన్నారు.

పూతరేకు | డిసెంబరు 20, మధ్యాహ్నం 1:11

😂😂 పడవ డబ్బులు ఎవరిచ్చారో చెప్పండి, మా వాటా పంపుతా. మాఘమాసంలో మళ్ళీ పెట్టుకుందాం, ఈసారి రేకులు తెస్తా.